ఆ ఊళ్ళో పాట చెబుతారు

ఐర్లండ్‌లోని గాల్వేలో మా మొదటి చలికాలం అది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయేది. బయట ఆగని వాన, లోపల ఆగని ఏడుపు. మా అమ్మాయికి అప్పుడు ఏడు నెలలు. కింది వాటాలో మా ఓనరమ్మ ఒక్కతే ఉండేది, డెబ్బై దాటిన మనిషి. ఒకరోజు పైకొచ్చి ఒక సీడీ చేతిలో పెట్టి, "మా పుట్టింటి వైపు పాటలు, తీరికున్నప్పుడు విను" అని చెప్పి దిగిపోయింది. అట్ట మీద ఉన్న పేరు జో హీనీ. ఆన్ చేస్తే ఒక మగ గొంతు వినబడింది, అంతే. వయొలిన్ లేదు, గిటార్ లేదు, డప్పు లేదు, శ్రుతిపెట్టె కూడా లేదు. మూడో పాటో నాలుగో పాటో వస్తుండగా మా అమ్మాయి ఏడుపు ఆపింది. ఆ పాటే మళ్ళీ పెట్టాను. పడుకుంది. ఆ చలికాలమంతా మా ఇంట్లో అదే జోలపాట.

ఫిబ్రవరిలో కాబోలు, కరెంటు బిల్లు ఇవ్వడానికి ఓనరమ్మ పైకొచ్చింది. పాట మోగుతోంది. అయిపోయేదాకా గుమ్మంలోనే నిలబడి విని, "ఇది పెట్టి పిల్లని పడుకోబెడుతున్నావా?" అంది. "అవునండీ, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాను. ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది ఒక కుర్రాణ్ణి ఇంట్లోంచి బయటికి సాగనంపి తలుపేసిన పాట" అంటూ మొదలుపెట్టి కథంతా చెప్పింది. మూడు నెలలుగా ఒక మనిషి అవమానాన్ని నేను జోలపాటగా వాడుకుంటున్నానని ఆ రోజు తెలిసింది.

"సంగీతానికి భాష లేదు" అనే మాట మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. పాటల పోటీల్లో జడ్జీలు అంటారు, స్టేజీ మీద ముఖ్య అతిథులు అంటారు, అర్థం కాని పాటేదైనా విని బాగుందనిపిస్తే మనమూ అంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. ఆ రోజు నుంచి మానేశాను. వీణకో సన్నాయికో ఆ మాట చెల్లుతుందేమో, పాటకి చెల్లదు. పాటకి భాష ఉంది. ఓనరమ్మ ఇచ్చిన ఈ ఆల్బమ్‌లోని పాటలకైతే భాషే ఒళ్ళు, రాగం దాని మీద కట్టిన బట్ట. కాస్త గట్టిగానే చెబుతున్నానని తెలుసు. ఎందుకో చెబుతాను.

ముందు ఆ మనిషి గురించి. జో హీనీ పేరు ఐరిష్‌లో షోసవ్ ఓ హేనీ. 1919లో ఐర్లండ్ పడమటి ఒడ్డున, గాల్వే కౌంటీలోని కానెమారాలో, కార్నా దగ్గర ఒక పల్లెలో పుట్టారు. ఇంట్లో మాట్లాడేది ఐరిష్, ఇంగ్లిష్ బడిలో నేర్చుకున్నది. (బయటివాళ్ళు ఈ భాషని గేలిక్ అంటారు కానీ ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్ళు ఐరిష్ అనే అంటారు. స్కాట్లండ్‌లో ఉన్న గేలిక్ దీనికి చెల్లెలి వరస, ఇదే భాష కాదు.) కార్నా చుట్టుపక్కల పాట ఎంత దట్టంగా ఉండేదంటే, 1940లలో ఐరిష్ జానపద కమిషన్ తరఫున షేమస్ ఎనిస్ అనే ఆయన పాటలు రాసుకోవడానికి వచ్చి, ఆ పక్క ఊళ్ళో కోలమ్ ఓ కీయాన్ అనే ఒక్క మనిషి దగ్గరే రెండు వందలకు పైగా పాటలూ బాణీలూ సేకరించారు. అలాంటి చోట పెరిగిన గొంతు హీనీది. 1955లో ఐరిష్ భాషా ఉత్సవం ఇరాక్తస్‌లో ఆయనకి బంగారు పతకం వచ్చింది. పతకం కూడు పెట్టదు. బతుకుతెరువు కోసం బ్రిటన్‌లో భవనాల పనుల్లో కూలి చేశారు. 1963లో లండన్‌లోని టాపిక్ రికార్డ్స్ ఆయన పాటలతో ఈ ఆల్బమ్ తెచ్చింది. పేరు కూడా సాదా పేరే, గేలిక్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఐర్లండ్ సంప్రదాయ పాటలు అని. ఈ పాడే తీరుని షాన్‌నోస్ అంటారు. పాత పద్ధతి అని అర్థం.

ఇప్పుడు నా జోలపాట దగ్గరికి వస్తాను. దాని పేరు 'కాస అన్ తూగాన్', అంటే గడ్డితాడు పేనడం. ఊరూరా తిరిగే కుర్రవాడొకడు ఒక ఇంటికి వస్తాడు. ఆ ఇంటి పిల్ల మీద మనసు పడతాడు. తల్లికి అతను నచ్చడు. కానీ గడపలోకి వచ్చినవాణ్ణి పొమ్మనడం మర్యాద కాదు. అందుకని ఆవిడ, కాస్త తాడు పేనాలి, ఒక చెయ్యి వెయ్యి నాయనా అంటుంది.

గడ్డితాడు పేనడం చూసినవాళ్ళకి మిగతా కథ చెప్పక్కర్లేదు. ఒకరు గడ్డికుప్ప దగ్గర కూర్చుని పరకలు కొంచెం కొంచెంగా అందిస్తూ ఉంటారు. రెండోవాళ్ళు కొసని తిప్పుతూ మెలి వేస్తారు. తాడు పెరిగేకొద్దీ ఆ తిప్పేవాళ్ళు వెనక్కి వెనక్కి నడవాలి. మా తాతగారి ఊళ్ళో వరిగడ్డితో అచ్చం ఇలాగే పేనేవాళ్ళు. కొస నాకిచ్చేవాళ్ళు. తిప్పుతూ తిప్పుతూ కుడితి తొట్టి దాకా వెళ్ళిపోయేదాన్ని. వెనకేముందో కనబడదు, కళ్ళు తాడు మీదే ఉంటాయి.

ఆ కుర్రవాడి కళ్ళు పిల్ల మీద ఉన్నాయి. తిప్పుతున్నాడు, వెనక్కి నడుస్తున్నాడు. పొయ్యి దాటాడు, గది దాటాడు, గడప దాటాడు. వెనక కాలు వాకిట్లో పడగానే ఆవిడ లేచి తలుపు వేసేసింది. చేతిలో తాడు, ఎదురుగా మూసిన తలుపు. అక్కడ నిలబడి పాడిన పాట ఇది. ఏ దరిద్రం నన్ను ఈ చోటికి తోలుకొచ్చిందో, మా ఊళ్ళో అంతమంది చక్కటి పిల్లల్ని వదిలి వచ్చానే అని తిట్టుకుంటాడు. ఆ తిట్ల పక్కనే, నాదానివైతే నాదానివిగా ఉండు, నీ గుండెలో అంగుళం అంగుళం నాదైతేనే ఉండు అని బతిమాలతాడు. తర్వాతి కాలంలో ఐర్లండ్ మొదటి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ ఈ కథనే నాటకంగా రాస్తే 1901లో డబ్లిన్‌లో ఆడారు. నాటకంలో తలుపు కనిపిస్తుంది, తాడు కనిపిస్తుంది. పాటలో అవి మాటల్లోనే ఉన్నాయి. మాట తెలియకపోతే తలుపూ లేదు, తాడూ లేదు.

ఓనరమ్మ చెప్పినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది ఒక క్రియ. 'కాస' అంటే పేనడం, మెలితిప్పడం. కానెమారాలో పాట పాడడానికి కూడా ఆ మాటే వాడతారు. తాడు పేనుతారు, పాటా పేనుతారు. ఇక పాడమని అడిగేటప్పుడు ఇంకో మాట ఉంది, 'అబర్ ఔరాన్', అంటే ఒక పాట చెప్పు. పాడు అని కాదు, చెప్పు అని. మనకి ఇది వింత కాదు. హరికథ పాడుతున్నారని ఎవరూ అనరు, హరికథ చెబుతున్నారంటారు. బుర్రకథా చెబుతారు. అందులో సగం పాటే అయినా చెబుతారనే అంటాం. ఎదురుగా కూర్చున్నవాడికి మాట చేరాలి కాబట్టి ఆ క్రియ అలా నిలబడిపోయింది. మరి 'చెప్పిన' దాన్ని అర్థంతో పని లేకుండా వింటానంటే ఎలా?

హీనీ ఎలా చెబుతారో చూడండి. తాళం ఉండదు. పాదం ఎంత పొడుగుంటే అంతసేపు. ఆవేశం వచ్చిన చోట గొంతు పెంచరు, దుఃఖం వచ్చిన చోట వణికించరు. స్వరం చుట్టూ సన్నటి మెలికలు వేస్తారు, మనం గమకం అంటామే అలాంటివి. అయితే మొదటి చరణంలో మెలిక వేసిన చోట రెండో చరణంలో వెయ్యరు. ఎందుకంటే అక్కడ మాట మారింది. మ, న, ల లాంటి హల్లుల మీద కూడా నిలబడి సాగదీస్తారు. మనకి సాగేది అచ్చే కదా, అందుకే మొదట్లో ఇది చెవికి కొత్తగా ఉంటుంది. గొంతు అడుగున ఎప్పుడూ ఒక ముక్కునాదం నడుస్తూ ఉంటుంది, బ్యాగ్‌పైపులో ఆగకుండా మోగే శ్రుతిలాగా. దాన్ని ఆయన 'నియా' అనేవారు. కొందరు ఇది విని మన ఆలాపనతో పోల్చి, రెండూ ఒక తల్లి పిల్లలే అంటారు. నాకు ఆ మాట నచ్చదు. పోలిక ఉంటే సంతోషమే కానీ దానికోసం చుట్టరికం కలపక్కర్లేదు.

గాల్వేకి పడమట ఉన్న స్పిడల్ అనే ఊళ్ళో ఒక రాత్రి ఈ పాట పద్ధతిని దగ్గర నుంచి చూశాను. ఒక ముసలాయన కళ్ళు మూసుకుని పాడుతున్నారు. పక్కన కూర్చున్నాయన ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా, బావి గిలక తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతూ ఉన్నారు. మధ్యలో ఎవరో "మో గ్రా హూ" అన్నారు. నా బంగారు తండ్రీ అన్నట్టు. పాట చివరికి వచ్చేసరికి ఆయన రాగం ఆపేసి ఆఖరి రెండు మూడు మాటల్ని మామూలుగా పలికేశారు, మంచినీళ్ళు అడిగినట్టు. చాలామంది షాన్‌నోస్ పాటగాళ్ళు ఇలాగే ముగిస్తారు. అప్పటిదాకా పాట అనుకుని విన్నదంతా ఆయన మాట్లాడిందేనని అప్పుడు తట్టింది.

సరే, అర్థం తెలియకుండానే మీ పాప పడుకుంది కదా, మీకూ హాయిగా అనిపించింది కదా అని అడగొచ్చు. నిజమే, అనిపించింది. ఆ గొంతులో ఒక ఒంటరితనం ఉంది, అది నాకు తగిలింది. కానీ అది ఎవరి ఒంటరితనం? నాదే. అమ్మ విజయవాడలో, నేను ఇక్కడ, పాలు పట్టే వేళా నిద్ర వేళా కలిసిపోయి రోజులు గడుస్తున్నాయి. నా దిగులే నాకు వినబడింది. వాకిట్లో తాడు పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు నాకు ఒక్క రోజు కూడా కనబడలేదు. అర్థం తెలియని పాటలో మనకి మనమే వినిపిస్తాం. అది చెడ్డదని అనను, కానీ దాన్ని ఆ పాట వినడం అని మాత్రం అనలేను.

ఇప్పుడు ఫోన్‌లో 'సెల్టిక్' అని కొట్టండి, ఐరిష్ లాంటి భాషల కుటుంబం పేరు అది. నిద్రకి, ధ్యానానికి, మసాజ్‌కి, టెన్షన్ తగ్గడానికి అంటూ గంటలకొద్దీ పాటలు వస్తాయి. కీబోర్డు పొగమంచులా పరుచుకుని ఉంటుంది, మధ్యలో ఎవరో ఐరిష్‌లో ఏదో అంటూ ఉంటారు. అందులో పొలం పోయినవాడు ఉండొచ్చు, బిడ్డ పోయిన తల్లి ఉండొచ్చు. "సంగీతానికి భాష లేదు" అనే మాట పెద్దమనసుతో అన్నట్టే ఉంటుంది. కానీ దాని అడుగున ఉన్నది, నువ్వేం చెబుతున్నావో నాకు అక్కర్లేదు, నీ గొంతు బాగుంది అంతే అనడం. ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే అలా అంటామా?

మనవైపు ఈ గొడవ ఎప్పటి నుంచో ఉంది. త్యాగరాజు కీర్తనల్ని తెలుగు రాని గొప్ప విద్వాంసులు పాడతారు. పదం ఒక్కోసారి సగంలో విరుగుతుంది, ముందరి పదం తోక వెనక పదానికి తలకాయ అవుతుంది. మనకి చివుక్కుమంటుంది. అదే మాట బయటికంటే, "సంగీతానికి భాష లేదండీ" అని సమాధానం వస్తుంది. ఆ విద్వాంసుల్ని నేను తప్పు పట్టను. వాళ్ళూ వాళ్ళ గురువులూ లేకపోతే ఆ కీర్తనలు మన దాకా వచ్చేవా? అర్థం అడిగి తెలుసుకుని, పదం విరవకుండా పాడేవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది ఉన్నారు. నా తగాదా ఆ సమాధానంతోనే. త్యాగరాజు రాముణ్ణి నిలదీస్తాడు, అలుగుతాడు, దెప్పుతాడు. దెప్పడం అనేది మాటలతోనే అవుతుంది. రాగానికి దెప్పడం రాదు.

ఈ ఆల్బమ్‌లో నేను పని చేసుకుంటూ వినలేని పాట ఒకటి ఉంది. 'క్వీన నా ద్రీ ముర్యా', ముగ్గురు మరియల శోకం. మరియమ్మ కొడుకుని వెతుక్కుంటూ వస్తుంది. పేతురుని అడుగుతుంది, నా బంగారాన్ని చూశావా అని. ఇందాకే చూశాను, హింస పెడుతున్నారు అంటాడు. పాదం పాదానికీ "ఓఖోన్ అగస్ ఓఖోన్ ఓ" అని వస్తుంది. అది మన అయ్యో, ఓరి నాయనో లాంటిది. తర్వాత సిలువ మీద ఉన్న మనిషిని చూసి, ఎవరతను అని అడుగుతుంది. అమ్మా, నీ కొడుకుని గుర్తుపట్టలేదా అని జవాబు. గుర్తుపట్టలేనంతగా కొట్టారు. అప్పుడు మొదలవుతుంది ఆవిడ. నేను మోసిన చిట్టి కొడుకు ఇతనేనా? పశువుల పాకలో పుట్టిన చిట్టి కొడుకు ఇతనేనా? నా తండ్రీ, నీ నోరూ నీ చిట్టి ముక్కూ కోసుకుపోయాయే. ఐరిష్‌లో పేరు చివర 'ఈన్' అని చేరిస్తే చిన్నది, ముద్దుది అని అర్థం. కొడుకు 'మాక్' అయితే చిట్టి కొడుకు 'మకీన్'. ముక్కుకి కూడా ఆవిడ ఆ 'ఈన్' తగిలిస్తుంది. ముప్పై మూడేళ్ళ మనిషి ముక్కు! ఇది తెలిసిన రోజున వంటగదిలో స్టవ్ కట్టేసి కూర్చుండిపోయాను.

ఈ పాట గుడ్ ఫ్రైడే రోజుల్లో తమ వైపు ఆడవాళ్ళు పాడుకునేదని హీనీ చెప్పేవారు. ఐర్లండ్‌లో చావు ఇళ్ళలో శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ళ గుణగణాలు చెప్పి రాగంతో ఏడ్చే ఆడవాళ్ళు ఉండేవారు. చర్చి పెద్దలకి అది నచ్చేది కాదు. క్రమంగా అడుగంటిపోయింది. మరియమ్మ పేరు మీద మాత్రం ఆ ఏడుపు మిగిలింది.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మమ్మ పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, తలంటి పోసిన చేతులేవమ్మా, వాకిట్లో ఎదురుచూసే కళ్ళేవమ్మా, నేను ఏ ఇంటికి రానమ్మా ఇంక అని పాడినట్టుగా ఏడ్చింది. హైదరాబాద్ నుంచి నా క్లాస్‌మేట్ వాళ్ళ కుటుంబం కూడా వచ్చి ఉంది. నాకు సిగ్గేసింది. వెళ్ళి పెద్దమ్మ భుజం మీద చెయ్యేసి, "ఊరుకో పెద్దమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాను. ఆవిడ ఊరుకుంది. అలా మధ్యలో తెగిపోయింది. తెలుగులో "రాగాలు తీసి ఏడ్చింది" అంటాం. ఎంత సరైన మాట! కానీ దాన్ని ఎగతాళికే వాడతాం. ఆ రాగాల్లో అమ్మమ్మ జీవితమంతా వరసగా ఉంది. ఏ ఊరి నుంచి కాపురానికొచ్చింది, ఎంతమందిని కన్నది, ఎవరిని పోగొట్టుకుంది, అన్నీ ఉన్నాయి. నాకు తెలిసిన భాషే. అయినా చప్పుడుగానే విన్నాను. భాష వచ్చినంత మాత్రాన వినడం వచ్చినట్టు కాదని ఆ పరాయి పాట వింటున్నప్పుడు తెలిసింది.

ఆల్బమ్‌లో ఇంగ్లిష్ పాటలు కూడా ఉన్నాయి. అది మొదట్లో నాకు వెలితిగా అనిపించేది, ఇప్పుడు అనిపించదు. ఐరిష్ మాట్లాడే ఊళ్ళోకి ఇంగ్లిష్ ఎలా వచ్చిందో తెలిశాక ఆ పాటలు వేరుగా వినిపిస్తాయి. బ్రిటిష్ పాలనలో 1831లో మొదలైన నేషనల్ స్కూళ్ళలో చదువంతా ఇంగ్లిష్‌లోనే. చాలాచోట్ల పిల్లల మెడలో ఒక కర్రముక్క వేలాడదీసేవారు. ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దాని మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. ఇంతలో 1845లో బంగాళాదుంపకి తెగులు వచ్చింది. ఆ కరువులో 10 లక్షల మంది దాకా పోయారు, ఇంకో 10 లక్షల మంది ఓడలెక్కారు. పోయినవాళ్ళలో ఐరిష్ మాట్లాడే పడమటి పేదలు ఎంతమందో. మిగిలినవాళ్ళు కూడా పిల్లలకి ఇంగ్లిష్ వస్తే అమెరికాలో బతుకుతారని తమ భాషని తామే పక్కన పెట్టారు. ఆ తల్లిదండ్రుల్ని నేను ఒక్క మాట అనలేను, మన ఇళ్ళలో ఏం జరుగుతోందో తెలుసు కాబట్టి. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18,73,997 మంది. బడి బయట రోజూ మాట్లాడతామన్నవాళ్ళు 71,968 మంది.

'రాక్స్ ఆఫ్ బాన్' అనే ఇంగ్లిష్ పాట వినండి. రాళ్ళ నేల దున్నలేక నడుం విరిగిన కూలివాడి పాట. 1650లలో ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చిన క్రామ్‌వెల్ కాలంలో మంచి భూములున్న కాథలిక్కుల్ని "నరకానికైనా పోండి, కానాక్ట్‌కైనా పోండి" అని పడమటికి తరిమారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కానాక్ట్ అంటే ఈ పడమటి ప్రాంతమే. కార్నా వైపు బస్సులో వెళ్తే ఆ నేల కనబడుతుంది. చేలకి కట్టిన గట్లన్నీ రాళ్ళే, చేల మధ్యలోనూ రాళ్ళే. సముద్రపు నాచు మోసుకొచ్చి ఎరువుగా వేస్తేనే దుంప పండేది. పాట ఇంగ్లిష్‌లోదే. అయినా హీనీ గొంతులో అది కానెమారా మెలికలతోనే వస్తుంది. ఒకరి భాషలో ఇంకొకరి ఊపిరి. అటునుంచి ఇటు వచ్చినది కూడా ఉంది. బ్రిటన్ అంతటా తెలిసిన లార్డ్ రాండల్ కథ, విషం తిన్న కొడుకుని తల్లి ప్రశ్నలు అడిగే పాట, ఇందులో ఐరిష్‌లో వినిపిస్తుంది.

జాన్ మిచెల్ పాటని మాత్రం నేను దాటేస్తాను. 1848లో బ్రిటిష్ ప్రభుత్వం 14 ఏళ్ళు ద్వీపాంతరం పంపిన దేశభక్తుడాయన. తర్వాత అమెరికా చేరి నల్లవాళ్ళ బానిసత్వాన్ని బాహాటంగా సమర్థించాడు. పాటలో ఆ సంగతి లేదు. నా వాదన నాకే అడ్డం తిరిగే చోటు ఇది. మాటలు తెలుసుకుంటూ పోతే కొన్ని పాటలు వినబుద్ధి కావు. అయినా తెలుసుకోవడమే మేలంటాను. భాష లేని సంగీతంలో జాన్ మిచెల్ కూడా జోలపాటే అవుతాడు.

పాటకి భాష ఉందనే విషయంలో నాకు అందరికన్నా పెద్ద సాక్షి హీనీయే. 1965లో ఆయన అమెరికాలో జరిగే న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ అనే జానపద పాటల ఉత్సవంలో పాడారు. మరుసటి ఏడు అక్కడే స్థిరపడ్డారు. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో తలుపు తీసే ఉద్యోగం చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్న పాటతోనే డబ్లినర్స్ అనే ఐరిష్ పాటల బృందం 1967లో బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్ళింది. ఆయన మాత్రం యూనిఫాం వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. 1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్‌లు మొదలుపెట్టిన ఏడాదే ఆయనకి ఒకటి ఇచ్చింది. చివరి రోజుల్లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో పాటలు నేర్పారు. 1984 మే 1న అక్కడే కన్నుమూశారు. దేహాన్ని కార్నా తెచ్చి సముద్రం పక్కన పూడ్చారు.

అమెరికాలో ఆయన ముందు కూర్చున్నవాళ్ళకి ఐరిష్ రాదు. గొంతు ఉంది కదా, భాష ఎందుకులే అని ఆయన ఊరుకోలేదు. ముందు కథ చెప్పేవారు. పాట వెనక ఉండే కథని ఐరిష్‌లో 'ఊదర్' అంటారు. ఆధారం అని కూడా దానికి అర్థం. 'పెగీన్ ఇస్ ప్యాదర్' అనే పాట ఉంది. పాటగా చూస్తే చిన్నది. మొగుడు ఇంటికొచ్చి, నీ పక్కన పడుకున్న మగాడెవడే అని పెళ్ళాన్ని అడుగుతాడు, నువ్వు చూడని నీ కొడుకు అంటుంది. పసివాడికి గడ్డమా అంటాడు. కథ తెలియకపోతే ఇది నవ్వుకునే పాట. హీనీ కథ మొత్తం చెప్పేవారు. పెళ్ళైన కొత్తలో కూలికి పోయి, ఇరవై ఒక్క ఏళ్ళు ఒక రైతు దగ్గరే పనిచేసి, జీతానికి బదులు మూడు హితవులు మూటగట్టుకుని ఇంటికి నడిచొచ్చిన మనిషి కథ అది. రాత్రిపూట, తొందరపడి, పొద్దున్నే పశ్చాత్తాపపడే పని చెయ్యకు అనేది ఆ మూడో హితవు. అది విన్నాక పాటలో ఆ మొగుడి ప్రశ్నకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పక్కలో ఉన్నవాడి ప్రాణం ఆ ప్రశ్న మీద ఆధారపడి ఉంది మరి. గల్ఫ్ వెళ్ళి ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చి, పిల్లలు గుర్తుపట్టక గుమ్మంలో నిలబడిపోయినవాళ్ళు మనకి ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్ళకి ఈ పాట అనువదించి చెబితే ఇంకేమీ విడమరచనక్కర్లేదు.

మా అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఇక్కడ బడిలో ఐరిష్ అందరూ చదవాలి. మొన్న ఆదివారం మరియమ్మ పాట వింటుంటే హోంవర్క్ చేసుకుంటున్నది తలెత్తి, "ట్రీ అంటే మూడు" అంది. ఏది అన్నాను. "ఇప్పుడే అన్నాడు కదా, ట్రీ రాహ అని. మూడు ఏదో. రాహ నాకు తెలీదు." ఆ పాదం నాకు కంఠతా వచ్చు. నేను మోసిన చిట్టి కొడుకు ఇతనేనా అనే పాదం. నా దగ్గరున్న ఇంగ్లిష్ అనువాదంలో తొమ్మిది నెలలు అని ఉంది, నేను అంతవరకే చదువుకున్నాను. మూడు అనే మాట అక్కడ ఉందని ఇన్నేళ్ళలో నా చెవికి అందలేదు.

సోమవారం బడి నుంచి వస్తూ వస్తూ గుమ్మంలోనే చెప్పింది. "అమ్మా, టీచర్‌ని అడిగా. రాహ అంటే సీజన్ లాంటిది, మూడు నెలలు." బూట్లు కూడా విప్పకుండా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మూడు, ఆరు, తొమ్మిది. తొమ్మిది నెలలు! వాళ్ళమ్మ కడుపులో." కాసేపు ఆగి, "నన్ను కూడా మూడు రాహలు మోశావా?" అని అడిగింది.

మోశానన్నాను. ఆ పాట మళ్ళీ పెట్టమంది.